నోషనల్ పరుగు

మా జిల్లాకు కొత్తగా వచ్చిన పెద్దసారుకు ఆరోగ్యం అంటే మహా ఇష్టం. తన ఒక్కడి ఆరోగ్యమే అయితే మాకేమీ ఇబ్బంది ఉండేది కాదు. మా అందరి ఆరోగ్యం కూడా ఆయనకు ఇష్టమే. ఏదో మహానగరంలో ఒక ఆదివారం ఉదయం ఆయన ఏడువందల యాభై మీటర్లు ఈది, ఒళ్ళు తుడుచుకోకుండానే సైకిలెక్కి ఇరవై కిలోమీటర్లు తొక్కి, అది దిగి అయిదు కిలోమీటర్లు పరుగెత్తారట. మూడూ వరసపెట్టి, మధ్యలో ఆగకుండా. దాన్ని ట్రయథ్లాన్ అంటారట. అదయ్యాక ఆయనకు జీవితం అంటే ఏమిటో కొత్తగా బోధపడింది. ఆ బోధ మాకు మెమో రూపంలో వచ్చింది. ప్రతి కార్యాలయం నుంచి ఇద్దరేసి ఉద్యోగుల పేర్లు సాయంత్రం అయిదు గంటల్లోగా పంపవలెను.

మెమో చదవగానే మా ఆఫీసంతా ఒక్కసారిగా జబ్బు పడింది. ఒకరికి మోకాలు, ఒకరికి బీపీ, ఒకరికి చిన్నప్పుడెప్పుడో వచ్చిన కామెర్లు. నేనొక్కణ్ణే నా పేరు రాసుకున్నాను. ఆ పిచ్చి నాకెందుకు పట్టిందో చెప్పాలి.

నా పేరు యడ్ల అప్పలస్వామి. జిల్లా చేపల శాఖలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. చెరువుల ఫైళ్ళు, వలల ఫైళ్ళు, చేపపిల్లల ఫైళ్ళు వేలకు వేలు చూశాను గానీ, మోకాలు తడిసేంత నీళ్ళలో ఎప్పుడూ దిగలేదు. రెండేళ్ళ కిందట షుగరొచ్చింది. డాక్టరు కదలమన్నాడు. ముందు నడిచాను, తర్వాత సైకిలు కొన్నాను, నలభై ఏడో ఏట ఈత నేర్చుకున్నాను. ఈతకొలనుకు బయల్దేరిన మొదటి రోజు మా ఆవిడ గౌరీశ్వరి గుమ్మంలో నిలబడి, "ఓలమ్మో, ఈ వయసులో ఈతేటండీ! మీ ఆపీసు సేపలు నవ్వుతాయి" అంది. నవ్వితే నవ్వాయి. నాకు కావలసింది వేరే ఉంది.

మా ఆఫీసుల్లో ఏ పనీ ఒక మనిషి పూర్తిచెయ్యడు. నేను ఫైలు మొదలుపెడతాను, సూపరింటెండెంటు గారు దిద్దుతారు, ఆ పైవారు సంతకం పెడతారు, ఇంకా పైవారు వెనక్కి పంపుతారు. ఇది తప్పని నేననను, జీతం దానికే ఇస్తున్నారు. అయినా మనిషన్నాక ఆశ ఉంటుంది. నేనే మొదలుపెట్టి, నేనే చేసి, నేనే ముగించిన పని జన్మలో ఒక్కటైనా ఉండాలని నా ఆశ. ఈదడం, తొక్కడం, పరుగెత్తడం. ఆఖరి గీత దాటితే అయిపోయినట్టే. దాన్ని వెనక్కి పంపేవాడెవడూ ఉండడు అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

రెండో పేరు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి సీనియారిటీ ప్రకారం మా సూపరింటెండెంటు ధర్మారావు గారి పేరు రాసి పంపేశారు. పాపం, ఆయన స్నానానికి కూడా చెంబెడు నీళ్ళే వాడతాడు, నిండు బకెట్టు చూస్తే భయం. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. ఆయన లేస్తే ఆ కుర్చీ నాది. ప్రమోషన్ జాబితాలో నా పేరే మొదట ఉంది.

పోటీ నిర్వహణకు ప్రత్యేకాధికారిగా పట్నాయకుని లోకనాథం గారిని వేశారు. లోకనాథం గారికి సర్వీసు నిబంధనలన్నీ కంఠతా వచ్చు. ఆయన ఇంట్లో పాలు విరిగినా ఏ నిబంధన కింద విరిగాయో చూసుకుని గానీ పారబొయ్యరని అంటారు. పోటీకి వారం ముందు అభ్యర్థులందరినీ సమావేశపరిచారు. అన్ని శాఖలవాళ్ళమూ కలిసి పద్నాలుగు మందిమి.

"ఈ పోటీ విధినిర్వహణలో భాగంగా పరిగణించబడును" అని మొదలుపెట్టారు ఆయన. "విధిలో ఉన్న ఉద్యోగి ప్రతి క్షణమూ ఏదో ఒక శాఖ అధీనంలో ఉండవలెను. రిజర్వాయరు నీటిపారుదల శాఖది. కావున ఈదుచున్నంతసేపు మీరు ఆ శాఖకు డెప్యుటేషన్ మీద ఉందురు. రోడ్డు రోడ్ల శాఖది. సైకిలు తొక్కునపుడు ఆ శాఖలో ఉందురు. పరుగు క్రీడల శాఖది. ఒక శాఖలో రిలీవు కానిదే మరొక శాఖలో జాయిన్ కారాదు. ఏమైనా సందేహములా?"

నేను లేచాను. "సార్, మూడూ ఆగకుండా చెయ్యాలి కదండీ?"

"ఆగవలసిన పని లేదు. రిలీవింగ్ ఆర్డరు తీసుకోవలెను, జాయినింగ్ రిపోర్టు ఇవ్వవలెను. అంతే."

అంతేనట. పెద్దసారును అడుగుదామంటే ఆయన రాజధానిలో సమీక్షకు వెళ్ళి వారమయింది. పోటీ నాటికి కూడా రాలేదు. ఆయన వచ్చుంటే ఈ కథ ఉండేది కాదు.

శనివారం పొద్దున్న ఏడింటికి గెడ్డవలస రిజర్వాయరు గట్టు మీద పద్నాలుగు మందిమి నిలబడ్డాం. గౌరీశ్వరి స్కూటీ మీద వచ్చి కాస్త దూరంలో ఆగింది. "పందెం సూడ్డానికొచ్చినాను గానీ, మునిగిపోతే మాత్రం నానొప్పుకోను" అంది. ఈల ఊదారు. దిగాం.

ధర్మారావు గారు మాత్రం దిగలేదు. మెట్ల మీద కూర్చుని నీళ్ళకేసి దణ్ణం పెడుతూ ఉండిపోయారు.

నేను ఈదాను. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు పులకరిస్తోంది. మొదటి వంద మీటర్లు చచ్చాననుకున్నాను. రెండో వంద దాటాక ఊపిరి కుదిరింది. నీళ్ళు చల్లగా, ఎదురుగా కొండ, కొండ మీంచి ఎండ. ఇరవై నాలుగు నిమిషాల్లో అవతలి గట్టెక్కాను. పద్నాలుగు మందిలో మూడోవాణ్ణి! సైకిలు నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. దానికేసి పరుగెత్తబోతే నీటిపారుదల ఏఈ గారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"రిలీవింగ్ ఆర్డరు కావాలి కదండీ. ముందు నో డ్యూస్ సర్టిఫికెట్టు. టోపీ ఇచ్చీండి. కళ్ళజోడు ఇచ్చీండి. నీళ్ళేమైనా మింగారా?"

"ఒకటి రెండు గుక్కలు మింగుంటానండీ."

ఏఈ గారు కలం ఆపేశాడు. "ఈ రిజర్వాయరు సాగునీటికండీ. తాగునీరు మా శాఖ కాదు. మింగారని రాస్తే వాళ్ళ అనుమతి ఎక్కడని అడుగుతారు నన్ను."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"మింగలేదని రాయండి, గొడవొదిలిపోద్ది."

మింగలేదని రాశాను. మొదటి అబద్ధం అక్కడ పడింది. తడి చేత్తో సంతకం పెడితే కాగితం చిరిగింది, ఇంకో కాగితం తెచ్చారు. అన్నీ అయి రిలీవింగ్ ఆర్డరు చేతికొచ్చేసరికి ఏడూ యాభై. సరే, పాతిక నిమిషాలు పోతే పోయాయని సైకిలు దగ్గరికెళితే, అక్కడ బల్ల వేసుకుని లోకనాథం గారే కూర్చుని ఉన్నారు. నా ఆర్డరు చదివారు.

"పూర్వాహ్నం రిలీవయ్యావు."

"అవునండీ. ఇప్పుడే."

"సర్వీసులో పూటకన్నా చిన్న కొలత లేదు. ఒక పూటలో ఒక ఉద్యోగి రెండు శాఖలలో ఉండరాదు. కావున అపరాహ్నం జాయిన్ కావలెను."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అప్పటికి గట్టెక్కిన వాళ్ళంతా బల్ల చుట్టూ చేరారు. నేను వాళ్ళు తిరగబడతారనుకున్నాను. తిరగబడలేదు సరికదా, ఒక్కొక్కరి మొహం పెళ్ళివారికి విడిది దొరికినట్టు వెలిగిపోయింది. ఒకాయన దుప్పటి పరిచాడు. ఒకావిడ ఉప్మా డబ్బా విప్పింది. ఇంకో అరగంటకు పేకముక్కలు కూడా వచ్చాయి. ఎవరో తెచ్చారంటే ఈ నిబంధన ముందే తెలుసన్నమాట! నేనొక్కణ్ణే సైకిలు పక్కన తడి చెడ్డీతో నిలబడి గడియారం చూసుకుంటున్నాను. ఆగకుండా చేసే పోటీలో అయిదు గంటల నలభై నిమిషాలు ఆగాను.

గౌరీశ్వరి నా పక్కన కూలబడి, "ఇదేటి పోటీ అండీ, రైలుకోసం కూకున్నట్టున్నాది?" అంది.

"మాటాడకు. నాకు ఒళ్ళు మండుతోంది."

"మండుతాది మరి, ఎండలో తడిబట్టలెట్టుకుంటే. ఈ తువ్వాలు కప్పుకోండి."

ఈలోగా అసలు సమస్య ఇంకొకటి లేచింది. ధర్మారావు గారు ఈదలేదు. నేను ఈదాను. నేను ఆయనకు జూనియర్ని. లోకనాథం గారు ఆ సంగతి విని ఉలిక్కిపడ్డారు. సీనియర్ ఇంకా గట్టునుండగా జూనియర్ ఈత పూర్తి చెయ్యడమేమిటి? రేపు ఆయన కోర్టుకెక్కితే? వెంటనే ఒక ఉత్తర్వు టైపు చేయించి అందరికీ చదివి వినిపించారు. "జూనియర్ అయిన శ్రీ అప్పలస్వామి ఈత పూర్తి చేసిన సమయము నుండి సీనియర్ అయిన శ్రీ ధర్మారావు కూడా నోషనల్‌గా ఈత పూర్తి చేసినట్లు పరిగణించడమైనది."

నోషనల్ అంటే మా ఉద్యోగులందరికీ తెలుసు. జరగనిది జరిగినట్టు కాగితం మీద లెక్క. నోషనల్ ప్రమోషన్లు విన్నాను, నోషనల్ ఇంక్రిమెంట్లు విన్నాను. నోషనల్ ఈత వినడం అదే మొదలు. ధర్మారావు గారు సిగ్గుతో చితికిపోయారు. నా దగ్గరికొచ్చి, "ఒరే అప్పలస్వామీ, నా కాలు కూడా తడవలేదురా. నీమీద ఒట్టు, నేనడగలేదు" అన్నారు. ఆయన ఒడ్డున ఉండి నాతోపాటే గట్టెక్కారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఏఈ గారు ఆయన చేత కూడా నీళ్ళు మింగలేదని రాయించుకున్నాడు. ఆ గట్టు మీద రాసిన వాటిలో నిజం అదొక్కటే.

ఒకటిన్నరకు జాయినింగ్ రిపోర్టులు తీసుకున్నారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇరవై కిలోమీటర్లు. పేకాట వల్ల కొందరికి నడుములు పట్టేశాయి. ఉప్మా వల్ల కొందరికి నిద్రొచ్చింది. ముగ్గురు మొదటి మైలురాయి దగ్గర చెట్టు కింద ఆగిపోయారు. నేను తొక్కాను. తారు కరిగి టైర్లకు అంటుకుంటోంది. పెదాలు ఎండిపోయాయి. యాభై అయిదు నిమిషాల్లో స్టేడియం గేటు దగ్గర దిగాను. ఈసారి నా ముందెవడూ లేడు. మొదటివాణ్ణి! ఇంక మిగిలింది అయిదు కిలోమీటర్లు. స్టేడియం గేటు నుంచి తోటపాలెం బడి దాకా వెళ్ళి వెనక్కి రావాలి. గీసిన సున్నపు గీత కూడా కనబడుతోంది.

రోడ్ల శాఖ రిలీవింగ్ ఆర్డరుకు ఇరవై నిమిషాలు పోయాయి. అది పట్టుకుని వెళ్తే, లోకనాథం గారు జీపులో ముందే వచ్చి బల్ల వేయించారు.

"అపరాహ్నం రిలీవయ్యావు. మరుసటి రోజు పూర్వాహ్నం జాయిన్ కావలెను" అన్నారు.

"మరుసటి రోజు ఆదివారం సార్."

"అందుచేత సోమవారం."

"సోమవారం నాటికి పోటీకి అనుమతి లేదు కదండీ! శనివారం ఒక్కరోజుకే కదా ఇచ్చారు?"

"భేష్! నిబంధనలు బాగానే చదివావు" అని మెచ్చుకున్నారు ఆయన, నిజంగానే సంతోషించి. "అందుచేతనే పరుగు మొత్తము నోషనల్‌గా పరిగణించుటకు ప్రతిపాదన సిద్ధం చేశాను. సోమవారం పూర్వాహ్నం పద్నాలుగు మందీ పరుగు పూర్తి చేసినట్లు ఉత్తర్వు వచ్చును. స్థానములు సీనియారిటీ ప్రకారం. ఎవరికీ అన్యాయం జరగదు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో."

అప్పటికి వచ్చి గేటు పక్క చెట్టు కింద కూలబడినవాళ్ళ చప్పట్లు వినబడ్డాయి.

నేను ఆ సున్నపు గీత మీద నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇది కూడా వీళ్ళే పూర్తి చేసేస్తారన్నమాట. నా కాళ్ళు నా దగ్గరుండగా, నా పరుగును ఒక టైపుమిషను పరుగెత్తేస్తుందన్నమాట. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ పై అధికారి మాట జవదాటని వాణ్ణి. ఆ రోజు దాటాను. వెనక్కి చూడలేదు. పరుగెత్తాను.

"ఆగవలెను!" అని వినబడింది. "జాయిన్ కాని ఉద్యోగి పరుగెత్తరాదు!"

నన్ను ఆపడానికి ఎవరినైనా పంపాలంటే, ఆ పంపేవాడు కూడా పరుగెత్తాలి. ఆ చిక్కు వల్ల ఎవరూ రాలేదు. బదులుగా తోటపాలెం వీఆర్వో గురుగుబెల్లి తవిటయ్యకు పంచనామా చెయ్యమని ఉత్తర్వు ఇచ్చారు. అనధికారంగా చెట్టు కొట్టినా పంచనామానే, అనధికారంగా పరుగెత్తినా పంచనామానే. తవిటయ్య బండేసుకుని నా పక్కకొచ్చాడు. హ్యాండిల్ మీద పుస్తకం, చెవిలో పెన్ను.

"బావూ, ఏటనుకోకండి, నా డ్యూటీ నాది. ఎన్నింటికి మొదలెట్టినారు?"

"రెండూ యాభై" అన్నాను రొప్పుతూ.

"రెండూ యాభై. ఒంటి మీద బనీను ఏ రంగు? నీలం. సాచ్చులు కావాలి." అని గొర్రెలు కాసుకుంటున్న ఇద్దర్ని పిలిచి, "ఒరే, ఈ బావు పరిగెట్టడం సూసినారా?" అన్నాడు. సూసినామన్నారు. వేలిముద్రలు వేయించుకుని మళ్ళీ నన్ను అందుకున్నాడు. అటువైపు స్కూటీ మీద గౌరీశ్వరి. ఇటు మోటారుసైకిలు మీద ప్రభుత్వం. మధ్యలో నేను.

బడి దగ్గర వెనక్కి తిరిగాక డొక్కలో పోటు మొదలైంది. కాళ్ళు రాళ్ళయిపోయాయి. నాలుగో కిలోమీటరు దగ్గర నడకలోకి దిగిపోయాను.

"అదేటండీ!" అంది గౌరీశ్వరి. "రెండేళ్ళ నుంచి నా నిద్ర సెడగొట్టి తెల్లారగట్ల లేచింది ఇలా నడవడానికా? ఎల్లండి!"

"ఎల్లండి బావూ, ఎల్లండి!" అన్నాడు తవిటయ్య కూడా, పెన్నుతో నా వెనక గాలిని తోస్తూ. "తప్పు తప్పే అనుకోండి, పంచనామాలో రాసీసినాను. గానీ ఇంత దూరమొచ్చి ఆగిపోతే ఏటి బాగుంటాది? నడిసినారని రాయడానికి నాకు సెయ్యి రావట్లేదు!"

మళ్ళీ పరుగెత్తాను. గేటు దగ్గర ఎవరూ లేరు. బల్ల తీసేశారు, జీపు వెళ్ళిపోయింది. సున్నపు గీత మాత్రం ఉంది. దాని మీద రెండు కాళ్ళూ పెట్టి దాటి, పక్కనే బోర్లా పడ్డాను. గౌరీశ్వరి సీసాడు నీళ్ళు నా నెత్తిన కుమ్మరించి, ఉన్నట్టుండి బోరుమని ఏడ్చింది. తవిటయ్య గడియారం చూసి రాసుకున్నాడు. "ముప్పై రెండు నిమిషాల నలబై సెకన్లు. ముప్పై మూడని రాసీమంటారా?"

"నీ పుణ్యముంటుంది, ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాను.

సోమవారం ఉత్తర్వులొచ్చాయి. అందరూ పరుగు పూర్తి చేసినట్టు పరిగణించారు. మొదటి స్థానం ధర్మారావు గారిది. నాకు ఆరోది. దానితోపాటు నాకొక్కడికే ఇంకో కాగితం వచ్చింది. అది ఛార్జిమెమో. "శనివారం అపరాహ్నము రెండు గంటల యాభై నిమిషాలకు, ఏ శాఖలోనూ జాయిన్ కాకుండా, అయిదు కిలోమీటర్ల దూరమును ముప్పై మూడు నిమిషములలో అనధికారికముగా పరుగెత్తియున్నారు. మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలెను."

లోకనాథం గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు కుర్చీ చూపించి, టీ తెప్పించారు.

"చూడు నాయనా, చిక్కు ఎక్కడొచ్చిందంటే, నువ్వు సోమవారం నోషనల్‌గా పరుగెత్తావు. శనివారం కూడా పరుగెత్తానంటున్నావు. ఒక ఉద్యోగి ఒకే పరుగును రెండుమార్లు పూర్తి చేయుటకు నిబంధనలు అంగీకరించవు. ఒకటి లేదనాలి. సోమవారం పరుగుకు ఉత్తర్వుంది, నంబరుంది. శనివారం దానికేముంది?"

"చెమట పట్టింది సార్."

"చెమటకు డిస్పాచ్ నంబరు లేదు." ఆయన టైపు చేసిన కాగితం ఒకటి నా ముందుకు తోశారు. "నీ మేలు కోరి నేనే రాయించాను. ఆ వేళ నేను పరుగెత్తలేదు, ఇంటికి త్వరగా నడిచి వెళ్ళాను అని. సంతకం పెట్టు. ఫైలు మూసేస్తాను. లేదంటే అభిశంసన తప్పదు. ఆ మచ్చ ఉన్న ఏడాదిపాటు ప్రమోషన్ రాదు. ధర్మారావు కుర్చీ నీ కిందివాడికి పోతుంది. రేపు చెప్పు."

ఇంటికెళ్ళి కాగితం గౌరీశ్వరి చేతిలో పెట్టాను. ఆ ప్రమోషన్ కోసం నాకంటే తనే ఎక్కువ ఎదురుచూసింది. సూపరింటెండెంటు గారి భార్య అనిపించుకోవాలని ఎన్నాళ్ళుగానో ఆశ. కాగితం రెండుసార్లు చదివింది. చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది.

"ఆ కుర్సీలో మీ ముందు బోల్డుమంది కూకున్నారు. మీ తరవాతా కూకుంటారు" అంది చివరికి. "ఆ పరుగు మీరొక్కరే పరిగెట్టేరు. నాను ఈ రెండు కళ్ళతోటీ సూసినాను. ఇప్పుడు లేదని రాసీస్తే, నాను సూసిందేటండీ మరి?"

మర్నాడు లోకనాథం గారి కాగితం ఆయనకే తిరిగిచ్చి, నా సంజాయిషీ సొంత దస్తూరీతో రాసి ముందు పెట్టాను. మూడే వాక్యాలు. "నాపై మోపిన అభియోగమును పూర్తిగా అంగీకరిస్తున్నాను. అయితే పరుగెత్తిన సమయము ముప్పై మూడు నిమిషములు కాదు, పంచనామాలో ఉన్నట్లు ముప్పై రెండు నిమిషాల నలభై సెకన్లు. సవరించ ప్రార్థన."

లోకనాథం గారు చదివి, కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. తర్వాత పంచనామా తెప్పించి, వేలు పెట్టి సరిచూసుకున్నారు.

అభిశంసన నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఎక్కింది. కుర్చీ నా కిందివాడికి వెళ్ళిపోయింది. సెకన్లు మాత్రం సవరించారు.